గ్రెగొరీ కాపరిశాస్త్రము: నాయకుని వినయమును బ్రార్థనయు

నాయక శబ్దమును, వినయ శబ్దమును నొక్క ధాతువునుండియే పుట్టినవి. ‘నీ’ యనఁగాఁ గొనిపోవుట. కొనిపోవువాఁడు నాయకుఁడు. ఆ ధాతువునకే ‘వి’ యను నుపసర్గము చేరఁగా శిక్షించుట, చక్కఁదీర్చుట యను నర్థము గలిగి వినయ శబ్ద మేర్పడినది. కావుననే మన పూర్వులు వినయ మనఁగా మొదట శిక్షణమును, పిదప నా శిక్షణమువలనఁ గలుగు నడఁకువను గ్రహించిరి. రాజపుత్రునకు విద్యావినయములు నేర్పవలె నన్నచోట నీ రెండర్థములును గలసియే యున్నవి. లాటిన్ భాషలో నిట్టి చుట్టఱికము లేదు. అందు ‘హుమిలితాస్’ అను మాట, నేల యను నర్థముగల ‘హుముస్’ అను శబ్దముతో సంబంధించినది. నేల నంటియుండుట దాని మూలార్థము. ముందు నడచువాఁడును, నేల నంటియుండువాఁడును నొక్క మనుష్యుఁడే యెట్లగు నను ప్రశ్నము లాటిన్ భాషలో వ్రాసినవానికి మనకంటెఁ గఠినముగాఁ దోఁచియుండును. ఆ ప్రశ్నమునే ముఖ్యవిషయముగాఁ గైకొని క్రీ. శ. 590 ప్రాంతమున రోమునగరపుఁ బోపగు గ్రెగొరీ ‘రెగులా పాస్తొరాలిస్’ అను గ్రంథమును రచించెను. కాపరిశాస్త్ర మని దాని పేరును దెనిఁగింపవచ్చును. క్రైస్తవులు సంఘమును మందగాను, సంఘనాయకుని గాపరిగాను జెప్పుదు రన్నది పాఠకు లెఱిఁగినదే.

ఈ గ్రంథమును సంఘనాయకుని విధుల పట్టికగాఁ జదువుట వాడుక. ఆ చదువుట కొంతవఱకే సరి. నాకుఁ దోఁచిన దేమనఁగా: ఇందు వినయము విధులలో నొకటి కాదు, తక్కిన విధు లన్నియుఁ జక్కఁగ నెఱవేఱినపుడు పుట్టు నపాయమునకుఁ బ్రతిక్రియ. ఇఁక బ్రార్థన యందురా, అది యొక్క యధ్యాయమునకైనను బేరుగా లేదు. ఐనను గ్రంథమునకు మొదట, నడుమ, తుద నదియే ద్వారమై యున్నది. ఈ రెండు మాటలను గ్రంథమునుండియే నిరూపించుట యిచ్చటఁ జేయఁదలఁచిన పని.

గ్రంథకర్త చరిత్రము కొంత తెలియకున్న నీ గ్రంథపు బిగువు బోధపడదు. గ్రెగొరీ రోమునందు సంపన్నకుటుంబమునఁ బుట్టి, 573 ప్రాంతమున నగరాధిపతియై, పిదప నా యధికారమును విడిచి, సీలియన్ కొండపైఁ గల తన యింటినే మఠముగా మార్చి సన్న్యసించెను. ఆ మఠమున నతనిని జిరకాల ముండనీయలేదు. 579లో రాయబారిగాఁ గాన్‌స్టాంటినోపిలునకుఁ బంపిరి. 590లో రోమున మహామారి చెలరేఁగి, పోపగు రెండవ పెలాజియసు దానికే బలికాఁగా, జనులు గ్రెగొరీని ఆ పదవి కెన్నుకొనిరి. తప్పించుకొన నతఁడు ప్రయత్నించెను. తన యెన్నికకు సమ్మతింపవలదని మారిసు చక్రవర్తికి జాబు వ్రాసె నని టూరు నగరపు గ్రెగొరీ తన చరిత్రగ్రంథమునఁ జెప్పినాఁడు. ఆ ప్రయత్నము ఫలింపలేదు. బరువునకు వెఱచి దాఁగఁజూచితి వని యోహానను బిషప్పు స్నేహపూర్వకముగ మందలింపఁగా, దానికి సమాధానముగా నీ గ్రంథమును వ్రాసి పంపెను. అనఁగా నిది శాస్త్రమైనను జాబు. జాబైనను దన పలాయనమునకుఁ జెప్పుకొన్న కారణము.

గ్రంథకర్త జీవించియుండఁగానే యంతియొకయ పాత్రియార్కగు అనస్తాసియసు దీనిని గ్రీకుభాషకుఁ దెచ్చెను. 813లో ఫ్రాంకుల రాజ్యమున జరిగిన సంఘసభలు బిషప్పులు దీనిని జదువవలె నని చెప్పినవి. ఇంగ్లండున నాల్‌ఫ్రెడ్ రాజు తొమ్మిదవ శతాబ్ది చివర నాఁటి యింగ్లీషులోనికి దీని ననువదించి, పీఠమున కొక ప్రతి చొప్పునఁ బంపఁ బూనెను. వూస్టరు పీఠమునకుఁ బంపిన ప్రతి నేఁటికిని ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది. కొన్నియెడల మాటకు మాటయు, గొన్నియెడల భావమునకు భావమును దెచ్చితి నని యా రాజు పీఠికలోఁ జెప్పుకొనినాఁడు. అనువాదమునుగూర్చి వాదించు మన పండితులకు నీ మాట పాతచుట్టమే.

గ్రంథము నాలుగు భాగములు. మొదటిదానియందు 11 అధ్యాయములు, రెండవదానియందు 11, మూఁడవదానియందు 40, నాలుగవదానియం దొక్కటి. పదవికి వచ్చుట, పదవియందు బ్రతుకుట, బోధించుట, తన్నుఁ దాను జూచుకొనుట యనునవి వరుసగా విషయములు. కొలఁత చూచినమాత్రమున నాలుగవ భాగము వట్టి తోఁక యని తోఁచును. కాని మూఁడవ భాగపు నలువది యధ్యాయములను మోసి వచ్చినవానికే యా యొక్క యధ్యాయము వ్రాయఁబడినది. దానిని దుదను జూతము.

మూలికల గుణ మెఱుఁగనివాఁడు వైద్యుఁడ ననుటకు జంకును, మనసు పుండ్లు దేహపు పుండ్లకంటె మఱుఁగైనవయ్యు వానికి వైద్యుల మనువారు మాత్రము జంకరని మొదటిభాగ మారంభమగును. ఈ భాగమునఁ బదవ యధ్యాయమునఁ బ్రార్థన మొదటిసారి ముఖ్యయుక్తిగా వచ్చును. యుక్తి యిట్టిది. గొప్పవాఁ డొకఁ డొకనిపైఁ గోపించియున్నాఁడు. ఆ దోషి మనయొద్దకు వచ్చి తనకొఱకా దొరతో నొకమాట చెప్పుమని వేఁడును. ఆయనతో మనకుఁ బరిచయము లేకున్న, ఆ సంగతియే చెప్పి తప్పుకొందుము. మనుష్యునియొద్దనే యింత వెనుకాడువాఁడు, దైవమునొద్దఁ దన కేపాటి చనువు గలదో యెఱుఁగకయే ప్రజలకొఱకు వేఁడుకొను పీఠముపైఁ గూర్చుండు టెట్లు? పైఁగాఁ గోపించినవానియొద్దకు, నతనికి గిట్టనివానినే పంపినచో నా కోపము హెచ్చును గాని తగ్గదు. కావునఁ దాను వేఁడినది దొరకు నని యనుభవముచేత నెఱిఁగినవాఁడే యొరులకై వేఁడఁదగును.

ఈ యుక్తి కొలువుకూటముల నెఱిఁగినవాని యుక్తి. చక్రవర్తి ద్వారమున నేండ్లకొలఁది నిలిచిన గ్రెగొరీకి సిఫారసు మర్మము బాగుగఁ దెలియును. గమనింపవలసిన దేమనఁగా, ప్రార్థన యిచ్చట నాయకుఁడు మందకుఁ జేయు నుపకారముగా మొదలు కాలేదు. నాయకుని యర్హతను దేల్చు గీటుఱాయిగా మొదలైనది. విద్యయు, వంశమును, వాక్పటిమయుఁ బైవారికిఁ గనఁబడును. ఈ గీటుఱాతిపైఁ బడిన గీఁత దానిని గీచుకొన్నవానికిఁ దప్ప నెవ్వరికిని గనఁబడదు. నాయకుని నెన్నుకొనువారికి నిరుపయోగమును, నెన్నుకొనఁబడువానికి నత్యావశ్యకమునగు నీ నిబంధనమును శాస్త్రమున కెక్కించుట గ్రెగొరీ సాహసమే.

పదవిని గోరువాని మనసును వర్ణించిన తొమ్మిదవ యధ్యాయము నాకు మిక్కిలి నచ్చినది. కోరువాఁడు తాను ముందుముందు చేయఁబోవు సత్కార్యములను దనలోఁ జిత్రించుకొని మురియును. లోపల మనసు కోరున దొకటి, పైకిఁ దలఁపు చూపున దొకటి. పదవి చేతఁబడఁగానే యా చిత్రము మాసిపోవును. కావున నట్టివాఁడు రాఁబోవుదానినిగాక గడచినదానిని విచారించుకొనవలె ననియు, క్రింద నున్నపుడు గర్వము మాననివాఁడు మీఁదికెక్కి యడఁకువ నేర్వఁ డనియు గ్రెగొరీ తీర్పు. నీరు నిమ్మళముగ నున్నపుడు నేర్పులేనివాఁడును నోడ నడపును. తుపానునందు నేర్పరియుఁ దడఁబడును. అధికారమే మనసునకుఁ దుపాను.

ఐనచోఁ దిరస్కరించుటయే వినయమా? ఈ ప్రశ్నమునొద్ద గ్రెగొరీ తనపైఁ దానే కత్తి దూసినాఁడు. పరులకుఁ బనికివచ్చు గుణములు గలిగియు, తన నెమ్మదిని గాపాడుకొనుటకై పదవిని దప్పించుకొనువాఁడు దొంగిలినవానివంటివాఁడే యని యతని యభిప్రాయము. ఆ గుణములు వానికొఱ కీయఁబడినవి గావు. ప్రవక్తలలో యెషయా తనంతఁ దానే పంపుమని ముందునకు వచ్చెను. యిర్మీయా తనకు మాటలాడ రాదని వెనుదీసెను. పలుకులు విరుద్ధములు, ఊట యొక్కటియే. ఒకనియందుఁ దోడివారిపై నున్న ప్రేమ పనికిఁ బురికొల్పెను; వేఱొకనియందు దైవముపై నున్న ప్రేమ ధ్యానమును విడువనీయదాయెను. కాని వెనుదీసినవాఁడు తుదిదాఁక మంకుపట్టు పట్టలేదు. ముందునకు వచ్చినవాఁడు బలిపీఠపు నిప్పుతోఁ బెదవులు శుద్ధిపొందిన పిదపనే వచ్చెను. పలాయనమునకుఁ గారణము చెప్పుకొనఁ బూనిన జాబు, పలాయనము చేసినవానినే ముద్దాయిగా నిలిపినది. ఆత్మసమర్థనముగా మొదలైన గ్రంథము లనేకము లున్నవి గాని యిట్లు తిరిగి తన కర్తనే పట్టుకొన్నవి యరుదు.

రెండవ భాగమునఁ బ్రార్థన రెండవసారి వచ్చును. మోషే పలుమాఱు గుడారములోనికిఁ బోవుచు, వెలికి వచ్చుచు నుండును. లోపల దైవరహస్యముల ధ్యానము. వెలుపల జనుల తగవుల బరువు. సందేహము కలిగినపు డెల్ల మరల లోనికిఁ బోయి మందసముముందు విన్నవించుకొనును. యాకోబు కలఁగన్న నిచ్చెనయు నీ యధ్యాయముననే యున్నది. దానిపై దూత లెక్కుటయే కాక దిగుచును నుండిరని గ్రెగొరీ వ్రేలుపెట్టి చూపును. ఎక్కుట ధ్యానము, దిగుట జాలి. ఎక్కుటలోని యెత్తు దిగుటలోని లోఁతుచేతనే కొలువఁబడును.

ఆ వెంటనే వచ్చు పోలిక యంతకంటెను రసవత్తరము. ఆలయమున లోనికిఁ బోవువారు చేతులు గడుగుకొనుటకై పెద్ద కంచుతొట్టి యుండెను. పండ్రెం డెద్దుల ప్రతిమలు దానిని మోయుచుండెను. ఎద్దులు నాయకులు, తొట్టి వారి మనసు. వచ్చినవా రెల్ల దమ తప్పులను జెప్పి కడుగుకొనిపోవుదురు. నీరు మురికి యగుచునే యుండును. పరుల శోధనలను వినివిని కాపరికి నా శోధనలే తగులుటయుఁ గలదు. తీర్పరివలె గట్టునఁ గూర్చుండి వినువాని కీ ప్రమాదము లేదు. తొట్టిగా నిలిచినవానికే కలదు. దీనికి భయపడవలదని గ్రెగొరీ ధైర్యము చెప్పును. పరుల బాధచే నలసినవాఁడు తన బాధనుండి సులభముగ విడుదలపొందు నని యాతని నమ్మకము. నమ్మక మెట్టిదైనను, మురికిపడిన నీటిని దాఁచక చూపిన సత్యసంధత మెచ్చఁదగినది.

ఆఱవ యధ్యాయము వినయమున కంకిత మనవచ్చును. ప్రకృతి మనుష్యుల నందఱను సమానులనుగాఁ గన్నది. గుణదోషముల భేదముచేత నొకరు వేఱొకరి చేతిక్రింద నుండవలసివచ్చిన దని గ్రెగొరీ మతము. కావున నధికారి తన పదవినిగాక పుట్టుకవలని సమత్వమును దలఁచుకొనవలెను. సౌలు తన కంటికిఁ దాను చిన్నవాఁడుగాఁ గనఁబడినపుడు రాజయ్యెను. పెద్దవాఁడుగాఁ గనఁబడఁగానే త్రోసివేయఁబడెను. ఇంతవఱ కెవ్వరైనఁ జెప్పుదురు. గ్రెగొరీ విశేష మిటుపిమ్మట నున్నది. వినయము మితిమీఱిన నధికారము సడలి, క్రిందివారి నడవడి చెడునని యతఁడు హెచ్చరించును. కొర్నేలీ పాదములపైఁ బడి మ్రొక్కఁబోఁగాఁ బేతురు తానును మనుష్యుఁడనే యని లేవనెత్తెను. ఆ పేతురే యననీయ సప్పీరాల కపటము బయటఁబడినపుడు తన యధికార మెంతటిదో చూపెను. మంచివారియెదుట సముఁడు, చెడునెదుట నధికారి. గాయమునకు సమరయుఁడు పోసినవి ద్రాక్షారసమును నూనెయు. ఒకటి మండించును, ఒకటి చల్లార్చును. మందసములోపల దండమును మన్నాయుఁ బ్రక్కప్రక్కనే యుండెను.

ఇచ్చటఁ దెలుఁగు మాటలనుగూర్చి కొంత విచారింపవలసియున్నది. మన క్రైస్తవ వాఙ్మయమున నీ గుణమునకు వినయ మనియు, దీనత్వ మనియు, తగ్గింపనియు మాటలు వాడుకలో నున్నవి. ఇవి పర్యాయపదములవలెఁ జెల్లుచున్నను, వీని యర్థచ్ఛాయలు వేఱు. దైన్యమును మన యాలంకారికులు 33 వ్యభిచారిభావములలోఁ జేర్చి, దుర్గత్యాదులచేఁ గలుగు నోజోహీనత యని లక్షణము చెప్పిరి. గ్రెగొరీ వెఱచినది సరిగ నీ యోజోహీనతకే. ఓజస్సుడిగిన కాపరి తోడేలునెదుట నిలువఁజాలఁడు. తగ్గింపు అచ్చతెలుఁగు మాట. ఉన్న యెత్తునుండి బుద్ధిపూర్వకముగ దిగుట దానిలో స్ఫురించును. యాకోబు నిచ్చెనకది చక్కఁగఁ బొందును. వినయ మన్నచో శిక్షణము స్ఫురించును. క్రింద నున్నపుడే నేర్వవలె నన్న తొమ్మిదవ యధ్యాయమున కది పొందును. దీనత్వ మన్న మాట దైవమునెదుట నిలిచినవానికి శోభించును, మందయెదుట నిలిచినవానికి శోభింపదు. లాటిన్ మూలమున నొక్క మాటతోఁ గడచిపోయిన మూఁడు దశలను మన భాష మూఁడు మాటలుగా విడఁదీసి యుంచినది. ఈ గ్రంథమును దెనిఁగింపఁబూనువాఁ డన్నిచోట్ల నొక్క మాటనే వాడెనేని యాఱవ యధ్యాయము తలక్రిందగును.

మూఁడవ భాగము గ్రంథమునఁ బెద్దది. దీనిగూర్చి విస్తరింపఁ బనిలేదు. ఒకరికిఁ బథ్యమైనది వేఱొకరికి విషము; గుఱ్ఱమును నిమ్మళింపఁజేయు నీలయే కుక్కపిల్లలను రెచ్చఁగొట్టును; వీణ తంత్రులను మీటు కోల యొక్కటే యైనను మీటు తీరు వేఱు. ఇట్లు మొదలిడి, పేదలు ధనికులు, ఉల్లాసులు విషాదులు, దాసులు యజమానులు, ప్రాజ్ఞులు మందబుద్ధులు అని 30కి మించిన జంటలను నిలిపి యెవరి కెట్లు బోధింపవలెనో చెప్పును. మన శాస్త్రములలోని యధికారిభేదము దీనికి దగ్గఱ చుట్టము. ధనికుని సూటిగా మందలింపక, నాతాను దావీదునకుఁ జెప్పినట్లు కథచెప్పి తీర్పు వానినోటనే పలికింపవలె నన్న చోట గొప్ప లోకజ్ఞానము గలదు. తక్కిన జంటలలోఁ బెక్కు యాంత్రికములు. ఇరువది చదివినవాఁడు మిగిలినవానిని దానే వ్రాసికొనఁగలఁడు.

లోపములు లేకపోలేదు. లేవీయకాండమున యాజకునికిఁ గూడవని చెప్పిన యంగవైకల్యముల నన్నిటిని గుణదోషములుగా మార్చిన పదునొకండవ యధ్యాయము క్లిష్టము. చిన్నముక్కు వివేచన లేమి, పెద్దముక్కు మితిమీఱిన వివేచన యనుట వ్యాఖ్యాతల చాపల్యమే. మనలోను శ్లేషపిచ్చిచే శబ్దములను బిండి రసము గార్పఁజూచిన వ్యాఖ్యాత లున్నారు గనుక గ్రెగొరీ నొక్కనినే నిందింపరాదు. ఇంతకంటె బరువైన లోప మొకటి కలదు. నాయకుని వినయమును మోయుటకు మంద కేమి హక్కున్నదో గ్రంథము చెప్పదు. సౌలు వస్త్రపుఁ జెఱఁగు కోసినందుకు దావీదు నొచ్చుకొనిన కథను మూఁడవ భాగమునఁ జెప్పి, నాయకుని నడవడి తప్పైనను క్రిందివారు నోటితో నిందింపరాదని శాసించును. దాసులు దాసులుగానే యుండి యడఁకువ నేర్వవలెను. యజమానులు తమ సమత్వమును మఱవరాదు. కాపరి తనంతఁ దాను దిగినఁ గాని దింపువారు లేరు.

ఇందుచేతనే గ్రెగొరీ వినయమును శంకించువా రున్నారు. 595లో గాన్‌స్టాంటినోపిలు పాత్రియార్కగు యోహాను సార్వలౌకిక పాత్రియార్కను బిరుదము వహించుటను గ్రెగొరీ తీవ్రముగ నిరసించెను. తాను మాత్రము దైవదాసులకు దాసుఁడ నని వ్రాసికొనెను. రోముపీఠపుఁ బెద్దఱికమును నిలుపుకొనుటకే యీ దాసత్వమనుట యొక పక్షము. ఆ పక్షము బొత్తిగ నిరాధారము గాదు. అతఁడు తన పీఠపు హక్కు నేనాఁడును వదలుకొనలేదు. కాని 598లో నలెగ్జాండ్రియా పాత్రియార్కగు యూలోజియసునకు వ్రాసిన జాబును జూడవలెను. యూలోజియసు మర్యాదకై ‘తమ యాజ్ఞ చొప్పున’ నని వ్రాసి, పోపునకు సార్వలౌకిక బిరుదమును దగిల్చెను. గ్రెగొరీ రెంటిని ద్రోసివేసెను. తా నాజ్ఞాపింపలేదనియు, మేలని తోఁచినది తెలిపితిననియు, సోదరుల గౌరవము తగ్గించు గౌరవము తనకు గౌరవము కాదనియు నతని భావము. పరులు ధరించిన బిరుదమును నిరసించుట సులభము. తనకుఁ బట్టిన బిరుదమును నెత్తినుండి దింపుట యట్టిది కాదు. రెండవ జాబు లేకున్న మొదటి జాబును బట్టి శంకాపక్షమునే నేనును జేరియుందును.

గ్రెగొరీ విడిచిన మఱియొక భాగము కలదు. కాపరి యొంటరిగఁ బ్రార్థించుటనుగూర్చి యతఁడు చెప్పెను; మందనడుమ నిలిచి ప్రార్థించుటనుగూర్చి చెప్పలేదు. ఆ కొఱఁతను వేయియేండ్ల పిమ్మట నొక యాంగ్లకవి తీర్చెను. జార్జి హెర్బర్టు కేంబ్రిడ్జి విద్యాపీఠమునకు వక్తయై, రాజాస్థానపు గౌరవమునకుఁ జేరువ నుండి, 1630లో బెమర్టన్ అను చిన్నయూరికిఁ గాపరిగా వచ్చి, 1633లో మరణించెను. అతని గ్రామకాపరి గ్రంథము 1652లో నచ్చుపడినది. ప్రార్థించునపుడు గొంతు వినయముగను, మాట తెలియునంత నిదానముగను నుండవలె ననియు, భక్తివేగము చల్లాఱునంత నిదానము కూడదనియు నతఁ డందు వ్రాసెను. ప్రసంగము నడుమనే మాటిమాటికి దైవమువైపు తిరిగి వేఁడుకొనవలె ననుటయు నందే యున్నది. మోషే గుడారములోనికిఁ బోయివచ్చిన రాకపోకలు హెర్బర్టునొద్ద నొక్క ప్రసంగములోనికిఁ గుదిరిపోయినవి. ఆ యూరి కాపరి పంటలు, పశువులునుగూర్చి తెలిసికొనవలె నని, మురికికంపుకొట్టు గుడిసెలోనికైనను బోవలె నని చెప్పుటలో మహానగరపుఁ బోపున కలవడని సులువు గలదు.

మంద పక్షముననుండి మాట వినవలెనన్న మాత్రము ఇరువదవ శతాబ్దిదాఁక రావలెను. ఆ మాట మన నేలకు సంబంధించినదే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లోఁ దిరునెల్వేలి సీమలోఁ బుట్టిన తమిళుఁడు. 1903లో నా సీమ క్రైస్తవులు తమ ధనముతో స్థాపించుకొన్న మిషనరీ సంఘపుఁ బక్షమున 1909లో నైజాము రాజ్యములోని డోర్నకల్లునకు వచ్చి తెలుఁగువారినడుమ పనిచేసెను. 1910లో నెడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో విదేశీయులగు పెద్దలయెదుట నిలిచి, మీరు మాకు ధనమిచ్చితిరి, దేహముల నర్పించితిరి, ఇఁక స్నేహము నిండని భావమువచ్చునట్లు మాటలాడెను. సభలోఁ గొందఱ కది నచ్చలేదు. గ్రెగొరీ నిచ్చెనపై దిగువాఁడు జాలిచే దిగును. క్రింద నిలిచినవాఁడు జాలినిగాక సరసన గూర్చుండుటను గోరుచున్నాఁడని యా ప్రసంగము తెలిపినది. ఆఱవ యధ్యాయమున సూత్రముగా నున్న సమత్వమునకుఁ బదమూఁడువందల యేండ్ల తరువాత భాష్యము క్రిందినుండి వచ్చినది. 1912లో నజరయ్య డోర్నకల్లునకు బిషప్పై, యాంగ్లికను సంఘమున నా పదవి నందిన మొదటి భారతీయుఁ డయ్యెను; 1945లో నచ్చటనే మరణించెను. స్నేహమును గోరినవాఁడు తానే కాపరి యైన పిదప నా కోరిక తనవైపు తిరిగె నని చెప్పఁ బనిలేదు.

ఇఁక నాలుగవ భాగము. బోధ చక్కఁగ సాగినది, వినినవారు మాఱిరి, అప్పుడు బోధకుని మనసు తన సామర్థ్యమును దలఁచుకొని లోలోన సంతసించును. రోగుల పుండ్లు మాన్పుచు వైద్యుఁడు తన పుండును మఱచును. ఓటమి పొందినవాని కీ భయము లేదు. కావుననే యీ యధ్యాయము గెలిచినవానికి మాత్రమే వ్రాయఁబడినది. యెహెజ్కేలు దివ్యదర్శనములఁ జూచునపు డెల్ల దైవ మతనిని నరపుత్రుఁడా యని పిలుచుటకుఁ గారణ మిదియే యని గ్రెగొరీ వ్యాఖ్య: అంత యెత్తున నిలిచినవానికిఁ దా నేమైయుండెనో గుర్తుండవలెను. నాయకులను దైవము పెక్కింట సంపూర్ణులనుజేసి కొంచెమునందు లోపముతో నిలుపును. గొప్పవానిని జయించినవాఁడు చిన్నవానిని జయింపలేక తన్నుఁ దా నెఱుఁగుటకై.

ఇంత చెప్పి గ్రెగొరీ యోహానువైపు తిరుగును. తాను వికారరూపుఁడై యుండి సుందరపురుషుని జిత్రించిన చిత్రకారుఁడ ననియు, దోషముల కెరటములలోఁ గొట్టుకొనుచు నొరులకు నొడ్డు చూపుచున్నాననియుఁ జెప్పుకొని, యీ యోడ పగిలిన చోటఁ దన్ను దేల్చుటకుఁ బ్రార్థన యను పలక నందీయు మని వేఁడును. మొదటిభాగమున దొరతోఁ బరిచయము లేనివాఁ డొరులకై వేఁడరాదన్నవాఁడే, తుద నొరుల వేఁడికోలు తనకుఁ గావలె నని చేయి చాఁచినాఁడు. పోపు తనకంటెఁ దక్కువ పదవిలోని బిషప్పు నడుగుట యిది. వీణ మీటుటలోని తేడాలు నేర్పిన నలువది యధ్యాయములకుఁ దరువాత, బోధకుఁడే వినువాఁడై, వేఁడించుకొనువాఁడే వేఁడువాఁడై గ్రంథము ముగియును. ఇది లాంఛనపు విన్నప మని తీసివేయువారు, నాలుగవ భాగ మొక్క యధ్యాయమే యగుటకుఁ గారణమును వేఱుగఁ జెప్పవలసియుండును.

ఆల్‌ఫ్రెడ్ అనువాదమున నీ విన్నపము తరువాతఁ బద్యరూపమగు నుపసంహార మొకటి చేర్పఁబడినది. జ్ఞానమును నీటిగాను, గ్రెగొరీని ఆ నీటిని చదువరుల వాకిటికిఁ దెచ్చినవానిగాను జెప్పి, ఓటికుండ తెచ్చినవాఁ డది బాగుచేసికొని మఱీ ముంచుకొన వలెనని యందు హెచ్చరిక. మూలమునఁ గర్త చదువరిని సాయ మడుగుచుండఁగా, అనువాదమునఁ జదువరికే సాయ మీయఁబడినది. పలకకును గుండకును నడుమ మూఁడువందల యేండ్లు గడచినవి. గ్రంథ మప్పటికే పాఠ్యపుస్తక మైనది.